పెళ్లికి తాను రాకుండా కుర్రాళ్లను పంపిన ఫోటోగ్రాఫర్

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. 2024 ఫిబ్రవరిలో మా పెద్దమ్మాయి పెళ్లి చేశాం. ఇన్‌స్టాగ్రామ్‌లో పని చూసి రాజమండ్రి ఫోటోగ్రాఫర్‌ను 1,20,000కి మాట్లాడుకున్నాం. ఆయన రాలేదు, ఇద్దరు కుర్రాళ్లను పంపాడు. జీలకర్ర బెల్లం ఫోటో ఒక్కటీ లేదు. మా అమ్మ అక్షింతలు వేసిన ఫోటో కూడా లేదు, ఆవిడ తర్వాత కాలం చేశారు. మా ఆవిడ ఇప్పటికీ ఏడుస్తోంది. 75 వేలు ఇచ్చాం. మిగతా 45 వేలు కడితేనే ఆల్బం ఇస్తానంటున్నాడు. అగ్రిమెంట్ లేదు. పాత తేదీ స్టాంపు పేపరు దొరుకుతుంది, దాని మీద రాయిస్తే కేసు నిలుస్తుందా? పది లక్షలు అడగవచ్చా? చిన్నమ్మాయి పెళ్లి కూడా దగ్గరపడింది.

జవాబు: మూడు పేజీల మీ ఉత్తరంలో కేసుకు పనికొచ్చేది చివరి పేజీలో ఒక్క ముక్క. బయానా తీసుకున్న రోజు ఆయన పంపిన వాయిస్ మెసేజ్: ‘నేనే దగ్గరుండి తీస్తానండీ, టెన్షన్ పడకండి.’ మీరు దాన్ని మాటవరసకు రాశారు. కేసు నిలిచేది దాని మీదే.

మనిషి పనితనం చూసి కుదుర్చుకున్న పనిని ఆ మనిషే చేయాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 40వ సెక్షన్ చెబుతుంది. బొమ్మ వేస్తానని ఒప్పుకున్నవాడు తానే వేయాలన్న ఉదాహరణ కూడా ఆ సెక్షన్ కిందే ఉంది. ఆ మెసేజ్ లేకపోతే ఆయన ‘మా స్టూడియో తరఫున మనుషుల్ని పంపాను కదా’ అంటాడు. అప్పుడు ఫోటోలు బాగున్నాయా లేదా అన్న తగువులో పడతారు, అది తేలే తగువు కాదు. లగ్గాల రోజుల్లో ఒకే రాత్రి అమలాపురంలో ఒకటి, రాజోలులో ఒకటి ఒప్పుకునే ఫోటోగ్రాఫర్లు మన కోనసీమకు కొత్తేమీ కాదు. ఆ రాత్రి ఆయన వేరే పెళ్లిలో ఉన్నట్టు ఆయన ఇన్‌స్టాగ్రామ్ పేజీలోనే కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

రెండో సాక్ష్యం మీ ఇంట్లోనే ఉంది: శుభలేఖ. అందులో సుముహూర్తం రాత్రి 9 గంటల 18 నిమిషాలు. మీరు పంపిన పెన్‌డ్రైవ్ నకలు తెరిచి చూశాను. ఒక కెమెరాలో 9:10 నుంచి 9:31 దాకా ఉన్నవన్నీ భోజనాల బంతిలో తీసినవే. ఒకదాంట్లో పనసపొట్టు కూర వడ్డిస్తున్న గరిటె మాత్రమే ఉంది. రెండో కెమెరాలో ఆ సమయానికి ఒక్క ఫోటో లేదు. కెమెరా గడియారం తప్పని వాదిస్తాడు కాబట్టి బంధువులు ఫోన్లో తీసిన ముహూర్తం వీడియో ఒక్కటైనా వెతికి పట్టుకోండి. ఒరిజినల్ పెన్‌డ్రైవ్ బీరువాలో పెట్టండి. ఆ ఫోటోల్ని వాట్సాప్‌లో పంపితే తీసిన సమయం వివరాలు పోతాయి. వాయిస్ మెసేజ్ ఉన్న ఫోన్ మార్చకండి, అమ్మకండి. ఇవి ఎలక్ట్రానిక్ సాక్ష్యాలు కాబట్టి వీటికి 2023 భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. అది మీ వకీలు చూసుకుంటారు.

ఇక కేసు వేసే గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లు. పెళ్లి రోజు నుంచి లెక్కేస్తే 2026 ఫిబ్రవరికి నిండిపోతాయి. ఆల్బం వరకైతే ఇస్తానన్న తేదీ నుంచి లెక్కపెట్టాలని వాదించవచ్చు, ముహూర్తం ఫోటోలకు ఆ వెసులుబాటు తక్కువ. నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు. ‘రేపిస్తా, ఎల్లుండిస్తా’ అంటే ఇన్నాళ్లు ఎలా ఊరుకున్నారండీ? పైగా 75 వేలలో 50 వేలు కవర్లో పెట్టి ఆ కుర్రాళ్ల చేతికిచ్చారట, రసీదు లేకుండా! కొబ్బరికాయల లెక్క రాసుకునే పుస్తకంలో ఇదొక్క గీత రాసి సంతకం పెట్టించుకోలేకపోయారా? ‘మొత్తం 75 ముట్టింది కదా, మిగతా 45 సంగతి తేల్చుకుందాం’ అని ఇప్పుడే మెసేజ్ పెట్టండి. ఆయన ‘అవును’ అంటే ఆ లోటు తీరుతుంది.

స్టాంపు పేపరు ఆలోచన ఈ క్షణమే మానేయండి. ఆ కాగితం మీద ఆయన సంతకం ఎవరు పెడతారు? మీరే పెట్టిస్తే అది ఫోర్జరీ, జైలుకెళ్లే నేరం. స్టాంపు వెండరు రిజిస్టరులో ప్రతి కాగితానికీ నంబరు, కొన్నవారి పేరు, తేదీ ఉంటాయి. ఆ రిజిస్టరు తెప్పిస్తే అబద్ధం బయటపడుతుంది, ఆ దెబ్బతో నిజమైన వాయిస్ మెసేజ్‌ని కూడా ఎవరూ నమ్మరు. నోటిమాట ఒప్పందమూ ఒప్పందమే, కాగితం లేదని కేసు పోదు.

స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు టైమివ్వండి. ఒరిజినల్ ఫైళ్లన్నీ, ఆల్బం, ముహూర్తం తీయనందుకు తగ్గింపు, పరిహారం అడగండి. ఆల్బం చేతికొచ్చాక న్యాయంగా రావలసిన బాకీ కడతామని కూడా రాయండి, బాకీ ఎగ్గొట్టే మనిషన్న మాట రాదు. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోల కాపీరైటు, వేరే ఒప్పందం లేకపోతే, మీదే. స్పందించకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. మీరుండే ప్రాంతపు కమిషన్‌లోనే వేయవచ్చు, రాజమండ్రి తిరగక్కర్లేదు. వినియోగదారుల కేసులు ఆన్‌లైన్లో వేసే ఈ-జాగృతి వెబ్‌సైటు ద్వారా ఇంటి నుంచీ వేయవచ్చు. ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. పది లక్షలు మాత్రం అడక్కండి, 1,20,000 పనికి ఆ అంకె చూస్తే కమిషన్‌కు మీ మీద చులకన కలుగుతుంది. మీ అమ్మగారి ఫోటో సంగతి మనోవేదన పేరాలో రెండు వాక్యాలు చాలు.

చిన్నమ్మాయి పెళ్లికి ఇన్‌స్టాగ్రామ్‌లో మెరిసే పాతిక ఫోటోలు చూసి పడిపోకండి. ఆ ఫోటోగ్రాఫర్ తీసిన ఒక పెళ్లి పూర్తి ఫైళ్లు, కాశీయాత్ర నుంచి అప్పగింతల దాకా, చూపించమనండి. ఎవరు వస్తారు, కెమెరాలు ఎన్ని, ఆల్బం ఏ తేదీకి, అదే రోజు వేరే పెళ్లి ఒప్పుకున్నారా, ఇవన్నీ తెల్లకాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. ముహూర్తం గంటా నిమిషం కూడా రాయించి, బయానా ఫోన్‌పేలో వేయండి.