టెక్ సందేహాలు: పేజీ తీసేశారు, కారణం చెప్పరు

ప్రశ్న: మిర్చి ధరలు, తెగుళ్ల గురించి ఫేస్‌బుక్ పేజీ నడుపుతున్నాను. కమ్యూనిటీ ప్రమాణాలు ఉల్లంఘించారని ఒక్క లైను పంపి పేజీ తీసేశారు. ఏ పోస్టో చెప్పలేదు. ఒకతను ఐదు వేలిస్తే రెండు రోజుల్లో తెప్పిస్తానంటున్నాడు. ఇవ్వొచ్చా?
- ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: ఇవ్వొద్దు. ఈ ఫిర్యాదు నాకు పదే పదే వస్తోంది. పేజీ పోయిన బాధకన్నా ఆ తర్వాత జరిగేదే నన్ను ఎక్కువ భయపెడుతోంది. ఇలాంటివాళ్లు ముందు డబ్బు తీసుకుంటారు. తర్వాత ఓటీపీ, మెయిల్ పాస్‌వర్డ్ అడుగుతారు, లేదా స్క్రీన్ షేర్ చేసే యాప్ వేసుకోమంటారు. మెయిల్ వాళ్ల చేతికి వెళ్తే మీ మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లన్నీ మార్చేయగలరు. స్క్రీన్ కనబడితే బ్యాంకు ఓటీపీలూ కనబడతాయి. ఫలానా అతని వల్ల నా ఖాతా తిరిగొచ్చింది అని కామెంట్లలో కనిపించే పొగడ్తలను నమ్మకండి, వాటిలో చాలావరకు ఆ ముఠా రాసుకున్నవే. ఇప్పటికే ఏదైనా చెప్పేసి ఉంటే ఈరోజే పాస్‌వర్డ్ మార్చి, వేరే ఫోన్లలో, కంప్యూటర్లలో తెరిచి ఉన్న సెషన్లన్నీ (లాగిన్లన్నీ) మూసేయండి.

మీకు చట్టపరంగా హక్కు ఉంది. 2021 ఐటీ నిబంధనల్లో 4(8)వ నియమం ప్రకారం, మన దేశంలో 50 లక్షలకు పైగా నమోదిత వినియోగదారులున్న వేదిక సొంతంగా పోస్టు తీసేసే ముందే కారణం తెలపాలి. మీ వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఆ ఒక్క లైను కారణం చెప్పినట్టు కాదు. మీ తెలుగు పోస్టును తెలుగు తెలిసిన మనిషి చూశాడో, యంత్రమే తేల్చేసిందో కూడా అందులో లేదు. ఇంత పెద్ద కంపెనీలకు ఏ పోస్టు, ఏ నియమం అని రెండు ముక్కలు రాయడం కష్టమేమీ కాదు, వాళ్లకు పట్టింపు లేదంతే.

ముందు ఆ వేదిక గ్రీవెన్స్ ఆఫీసర్‌కు (ఫిర్యాదులు చూసే అధికారికి) రాయండి. జవాబు నచ్చకపోతే, అది అందిన 30 రోజుల్లోగా కేంద్రం 2023లో వేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే అప్పీలు చేసుకోవచ్చు. స్క్రీన్‌షాట్లు, తేదీలు దాచుకోండి.

అయితే ప్రభుత్వం మాత్రం తక్కువ తిన్నదా? కంపెనీలను కారణం చెప్పమంటూ, తాను ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద బ్లాక్ చేయించేవాటిని 2009 నిబంధనలతో గోప్యంగా ఉంచుతోంది. ఆ నిబంధనలను 2015లో సుప్రీంకోర్టు సమర్థించింది. వాటి ప్రకారం నోటీసును పోస్టు రాసినవాళ్లకైనా, వేదికకైనా ఇవ్వొచ్చు. వేదికకే వెళ్తే రాసిన మనిషికి సంగతే తెలియదు. రాసినవాళ్లకు నోటీసు తప్పనిసరి చేయాలి. మీ పేజీ వెనుక అలాంటి ఆదేశం ఏదైనా ఉందా అనే ప్రశ్న కూడా మీ ఫిర్యాదులో పెట్టండి.