కాపీరైట్ నోటీసు చదవడం వస్తే పని దొరుకుతుంది

ప్రశ్న: డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. డిజిటల్ మీడియా, పుస్తక ప్రచురణ, కాపీరైట్ పేరు చెప్పి రాజకీయ నాయకులు విమర్శకుల నోరు నొక్కడం - వీటి మీద వీడియోలు చేస్తుంటాను. ఈ మధ్య ఒక నాయకుడి ప్రసంగం తాలూకు వార్తా క్లిప్ 40 సెకన్లు వాడితే నా వీడియో తీసేశారు. ఈ రంగంలోనే స్థిరపడాలని ఉంది. 'అభిప్రాయాలు చెబితే కడుపు నిండుతుందా' అని ఇంట్లో అడుగుతున్నారు. నేను లా చదవాలా, జర్నలిజమా?

జవాబు: ఇంట్లోవాళ్లు అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కాపీరైట్ మీద అభిప్రాయం చెప్పినందుకు నెలనెలా జీతమిచ్చే సంస్థలు బహు తక్కువ. అయితే ఒక టేక్‌డౌన్ నోటీసు (ఫలానాది తీసేయమని కోరే నోటీసు) చూసి, ఇది ఎవరు పంపారు, ఏ హక్కు ఉందని పంపారు, ఆ హక్కు నిజంగా వాళ్లదేనా, జవాబుకు గడువెంత అని తేల్చి చెప్పగలిగే మనిషి ప్రచురణ సంస్థకూ కావాలి, యూట్యూబ్ లాంటి వీడియో వేదికకూ కావాలి, వార్తా సంస్థకూ లైబ్రరీకీ న్యాయవాది ఆఫీసుకూ కావాలి. అందుకే లానా జర్నలిజమా అన్నది తర్వాతి సంగతి. ముందు ఈ కాగితాలు చదవడం పట్టుబడాలి.

అధికారంలో ఉన్నవాళ్లకు కాపీరైట్ ఎందుకంత వాటంగా కుదిరిందో మీ వీడియోల్లో చెప్పే ఉంటారు. ఇంటర్వ్యూలో మాత్రం ఆవేశం సరిపోదు, అది ఎలా పనిచేస్తుందో విడమరచాలి. పరువునష్టం దావాకు కోర్టు మెట్లెక్కాలి, అవతలి వాదన వినాలి, నెలలూ ఏళ్లూ గడుస్తాయి. కాపీరైట్ ఫిర్యాదుకు ఒక ఈమెయిల్ చాలు. అమెరికాలో 1998లో వచ్చిన డీఎంసీఏ (డిజిటల్ మిలీనియం కాపీరైట్ యాక్ట్) చట్టం, 512వ సెక్షన్ ప్రకారం, జనం పెట్టే వీడియోల బాధ్యత తన నెత్తిన పడకూడదనుకుంటే వేదిక నోటీసు అందగానే వాటిని త్వరగా తీసేయాలి. ఉంచి, అది తెలిసి చేసిన ఉల్లంఘన అని కోర్టు తేలిస్తే ఒక్కో కృతికి 1,50,000 డాలర్ల దాకా పరిహారం పడొచ్చు. తీసేస్తే, అది పొరపాటైనా వేదికకు పోయేది దాదాపు ఏమీ లేదు. మొగ్గు ఎటుంటుందో వేరే చెప్పక్కర్లేదు. వీడియో పెట్టినవాళ్లు ఆ ఫిర్యాదు తప్పని ప్రతినోటీసు ఇచ్చి, ఫిర్యాదుదారు దావా వేయకపోతే, 10 నుంచి 14 పనిదినాల్లో వీడియో తిరిగి వస్తుంది. ఎన్నికల వేళ ఆ రెండు మూడు వారాలు గడిచాక అది వచ్చినా ఒకటే, రాకున్నా ఒకటే.

ఇది ఊహ కాదు. 2008 అక్టోబరులో అమెరికా అధ్యక్ష అభ్యర్థి జాన్ మెకెయిన్ ప్రచార బృందం ఇదే గోడు వెళ్లబోసుకుంటూ యూట్యూబ్‌కు లేఖ రాసింది. తమ ప్రచార వీడియోల్లో వార్తా క్లిప్పులు కాసేపు కనిపించాయని టీవీ సంస్థలు నోటీసులిస్తే మొత్తం వీడియోలే తీసేస్తున్నారన్నది వాళ్ల ఫిర్యాదు. అభ్యర్థులకని ప్రత్యేక మర్యాద చేయలేమని యూట్యూబ్ బదులిచ్చింది. తర్వాత కొన్నేళ్లకు ఈక్వడార్‌లో అధ్యక్షుడు రఫాయెల్ కొరియాను విమర్శించే వీడియోలు, ప్రభుత్వ టీవీ దృశ్యాలు వాడారన్న నోటీసులతో ఒక్కొక్కటే కనుమరుగయ్యాయి. మొదటిచోట దెబ్బ తిన్నది అధికారం కోసం పోటీపడుతున్నవాళ్లు, రెండోచోట నోటీసు వెనక ఉన్నది అధికారంలో ఉన్నవాళ్లు. సాధనం మాత్రం ఒకటే.

భారత్‌లో దారి వేరు. 2013 కాపీరైట్ నిబంధనల్లో 75వ నిబంధన కింద వేదిక 36 గంటల్లో ఆ లింకును ఆపాలి. ఫిర్యాదుదారు 21 రోజుల్లోగా కోర్టు ఉత్తర్వు తేలేకపోతే వేదిక దాన్ని మళ్లీ తెరవొచ్చు. అంటే అమెరికాలో తీసేశాక ముందుగా కదలాల్సింది వీడియో పెట్టినవాళ్లు, ఇక్కడ ఫిర్యాదుదారు. ఈ తేడాను రెండు వాక్యాల్లో చెప్పగలిగిన అభ్యర్థిని ఎదుటివాళ్లు గుర్తుపెట్టుకుంటారు.

ఇప్పుడు అభ్యాసం. లూమెన్ అని ఒక డేటాబేస్ ఉంది, 2002లో మొదలైంది. గూగుల్ లాంటి సంస్థలు తమకు అందిన తొలగింపు నోటీసుల ప్రతులను అక్కడ జమ చేస్తాయి. అందులోంచి రాజకీయ వార్తలకు, నాయకుల మీద విమర్శలకు సంబంధించిన పది నోటీసులు తీయండి. ఒక్కోదానికి ఒక్క పేజీ రాయండి, మించనివ్వొద్దు. పంపినవాళ్లు, తమదని చెప్పుకున్న కృతి, తీసేయమన్న లింకు, అనుమతి లేకుండా వాడుకోవడానికి చట్టంలో వర్తించగల మినహాయింపు, చివరికి జరిగింది - ఇంతే. మీ అభిప్రాయం ఆఖరి రెండు వాక్యాల్లో ఉంటే చాలు.

ఈ పనిలో మీకు తరచూ తగిలే మోసం ఒకటుంది. ఎవరో తమకు నచ్చని వార్తను మక్కికి మక్కి కాపీ చేసి, కొత్తగా పెట్టిన బ్లాగులో పాత తేదీతో ప్రచురిస్తారు. ఆ తర్వాత 'అసలు మాది, వాళ్లే ఎత్తేశారు' అని నోటీసు పంపుతారు. బ్లాగుల్లో ప్రచురణ తేదీని ఎవరైనా వెనక్కి మార్చుకోవచ్చు గనుక ఆ తేదీని నమ్మొద్దు. బ్లాగుకు సొంత డొమైన్ ఉంటే అది ఎప్పుడు నమోదైందో హూఇజ్‌లో (డొమైన్ల నమోదు వివరాలు చూపే సేవ) చూడండి. రెండు పేజీలూ, వెబ్ పేజీల పాత ప్రతులు దాచే వేబ్యాక్ మెషీన్‌లో మొదటిసారి ఎప్పుడు దొరికాయో పోల్చండి. ఆ బ్లాగులో మిగతా టపాలు ఏమున్నాయో చూడండి, ఒకటో రెండో తప్ప ఇంకేమీ లేకపోతే అదే పెద్ద ఆనవాలు. ఫొటోలు అసలు పత్రిక సర్వర్ నుంచే లోడవుతుంటే ఇక సందేహం అక్కర్లేదు. అయితే వేబ్యాక్‌లో ప్రతి లేనంత మాత్రాన ఆ పేజీ అప్పుడు లేదని తేల్చేయొద్దు, అది అన్ని పేజీలనూ సేకరించదు. కొత్తవాళ్లు తొందరపడేది ఇక్కడే.

ప్రచురణ సంస్థల్లో హక్కులు, అనుమతుల విభాగం అని ఉంటుంది. దాని గురించి ఎవరూ వీడియోలు చేయరు గానీ, ఈ రంగంలోకి అడుగుపెట్టడానికి అంతకంటే మంచి గుమ్మం నాకు కనిపించదు. ఒప్పందంలో ఏ భాషకు, ఏ ప్రాంతానికి, ఎన్నేళ్లకు, అచ్చుకేనా ఇ-బుక్‌కూ ఆడియోకూ కూడానా, అమ్మకాలు ఆగిపోతే హక్కులు రచయితకు ఎప్పుడు తిరిగొస్తాయి - ఈ ఐదూ వెతికి పట్టుకోవడమే అక్కడి రోజువారీ పని. పొరపాట్లు కూడా ఇక్కడే జరుగుతాయి. 5,000 అచ్చు ప్రతులకు ఫొటో అనుమతి తీసుకుని అదే ఫైలును ఇ-బుక్‌గా వదిలేస్తారు. పుస్తకం హక్కులున్నాయి కదా అనుకుంటారు, లోపలి ఫొటో హక్కు ఫొటోగ్రాఫర్ దగ్గరే ఉండిపోతుంది. ఒక స్ప్రెడ్‌షీట్‌లో కృతి, హక్కుదారు, అనుమతి ఇచ్చిన తేదీ, పరిధి, గడువు, ఉత్తరం కాపీ ఎక్కడుంది అని రాసుకుంటూ పోయేవాళ్లకు ఈ తలనొప్పులు రావు.

లైబ్రరీల వైపూ ఓ కన్నేయండి. అచ్చు పుస్తకాన్ని కొంటే అది లైబ్రరీ సొంతం. ఇ-బుక్‌కు దక్కేది సాధారణంగా లైసెన్సు మాత్రమే. 2011లో హార్పర్‌కాలిన్స్ అనే ప్రచురణ సంస్థ 26 సార్లు అరువిచ్చాక లైసెన్సు ముగుస్తుందని నిబంధన పెట్టింది. అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే డిజిటల్ లైబ్రరీ తన దగ్గరున్న పుస్తకాలను స్కాన్ చేసి అరువివ్వడం మీద నాలుగు ప్రచురణ సంస్థలు 2020లో దావా వేశాయి. 2023లో కింది కోర్టు, 2024 సెప్టెంబరులో అప్పీలు కోర్టు సంస్థల వైపే తీర్పిచ్చాయి. ఆ రెండు తీర్పులూ చదవండి. వాటి మీద వచ్చిన వ్యాఖ్యలు కాదు, తీర్పులే చదవండి.

ఇక మీరడిగిన లా, జర్నలిజం సంగతి. ఒక తీర్పును మూడు గంటలు కదలకుండా చదివి, ఇంకొకటి తీయాలనిపిస్తే లా. అది మధ్యలోనే విసుగనిపించి, దీని వెనక ఎవరున్నారో ఫోన్ చేసి కనుక్కుందామనిపిస్తే జర్నలిజం. ఆర్నెల్లలో మీకే తెలిసిపోతుంది, ఈలోగా ఫీజులు కట్టేయకండి. వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) అకాడమీ వారి మేధో సంపత్తి దూరవిద్యా కోర్సు డీఎల్-101కి రుసుము లేదు, దానితో మొదలుపెట్టొచ్చు. వేదికల్లో ఫిర్యాదుల పరిశీలన ఉద్యోగాలకు లా పట్టా తప్పనిసరి కానివీ ఉంటాయి. కానీ అక్కడ చేరితే రాజకీయ వీడియోలు బహిరంగంగా చేయడానికి ఒప్పుకోకపోవచ్చు, నియామక పత్రంలో ఆ షరతు వెతకండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కాపీరైట్ అంతా పెద్దవాళ్ల ఆయుధమేనన్న నిర్ణయంతో ఈ రంగంలోకి రావద్దు. తన కథను ఎవరో పీడీఎఫ్ చేసి పంచుతుంటే, న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేని రచయితకు ఉన్నదీ ఆ ఒక్క ఈమెయిల్ నోటీసే. దాన్ని పూర్తిగా ఎత్తేయమనేవాళ్లు ముందు ఆ మనిషికి దారి చూపాలి.

మీ వీడియో మాటకొస్తే, అది యూట్యూబ్‌లో పెట్టిందైతే, వచ్చింది కంటెంట్ ఐడీ క్లెయిమా, కాపీరైట్ స్ట్రైకా అన్నది ముందు చూడండి. క్లెయిమ్ యంత్రం పోల్చి పెట్టేది. దాన్ని వివాదం చేస్తే అవతలివాళ్లకు 30 రోజుల గడువుంటుంది. స్ట్రైక్ అయితే చట్టపరమైన ఫిర్యాదు, 90 రోజుల్లో మూడు పడితే ఛానెల్ పోవచ్చు. 30 సెకన్లలోపు వాడితే ఫరవాలేదని చాలామంది చెబుతారు. అనుమతి లేకుండా కొంత వాడుకోనిచ్చే అమెరికా ఫెయిర్ యూజ్‌లో గానీ, భారత చట్టం 52వ సెక్షన్‌లోని ఫెయిర్ డీలింగ్‌లో గానీ అలాంటి సెకన్ల గీత ఏదీ లేదు. క్లిప్ మీద మీరు విమర్శ చేశారా, ఆ విమర్శకు కావలసినంతే వాడారా అన్నది ముఖ్యంగా చూస్తారు. కాబట్టి క్లిప్‌లోని ఏ మాటకు మీ వ్యాఖ్యానం ఏ నిమిషంలో ఉందో రాసుకోండి.

తొందరపడి ప్రతినోటీసు పంపకండి. అందులో రాసే మీ అసలు పేరు, చిరునామా ఫిర్యాదుదారుకు వెళ్తాయి. రాజకీయ విమర్శ చేసేవాళ్లకు అది చిన్న విషయం కాదు. అవసరమైతే న్యాయవాది ద్వారా పంపించండి. ఈ వ్యవహారంలో వచ్చిన ప్రతి ఈమెయిల్‌నూ తేదీతో సహా దాచి, అదే పద్ధతిలో ఒక పేజీ రాయండి. లూమెన్ నుంచి తీసిన పదింటికి ఇది పదకొండోది.