కొత్త ఇంప్లాంటు ఒంటికి పడుతుందని ముందే ఎలా తెలుస్తుంది?

మీ అమ్మగారికి తిరుపతిలో మోకాలి కీలు మార్పిడి చేయించబోతున్నామని, కొత్త రకం పూత ఉన్న ఇంప్లాంటు పెడతామంటున్నారని, అది ఒంటికి పడుతుందని ఎవరు ఎలా తేల్చారని అడిగారు. మాది చిత్తూరు. వైద్య పరికరాలను పరీక్షించే ప్రయోగశాలలో కణాల విభాగంలో పనిచేశాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ఈ పరీక్షలకు ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన 10993 అనే ప్రమాణాల వరుస ఉంది. ముందు కణాలతో మొదలుపెడతాం. ఇంప్లాంటును పోషక ద్రవంలో వేసి 37 డిగ్రీల దగ్గర కనీసం ఒక రోజు నానబెట్టి, ఆ ఊటను ఎల్929 అనే చిట్టెలుక కణాలకు అందిస్తాం. బతికిన కణాలు 70 శాతం కంటే తగ్గితే ఆ వస్తువులో విషగుణం ఉన్నట్టు లెక్క.

ఒకసారి ముడి ప్లాస్టిక్ ముక్క ఈ పరీక్షలో చక్కగా నెగ్గింది. అదే ప్లాస్టిక్‌తో తయారైన పరికరం వచ్చినప్పుడు మాత్రం కణాలు గుండ్రంగా ముడుచుకుని, పళ్ళెం అడుగు నుంచి ఊడి తేలాయి. తయారీలో కడగడానికి వాడిన రసాయనం పూర్తిగా పోలేదని తర్వాత తేలింది. అందుకే ‘ఇంప్లాంట్లకు ఎప్పటినుంచో వాడే టైటానియం లోహమే కదా, భయమెందుకు’ అనే మాటతో నేను తృప్తిపడను. కోత, పూత, కడుగుడు, స్టెరిలైజేషన్ అన్నీ ముగిసి, రోగి ఒంట్లోకి వెళ్ళే రూపంలోనే దాన్ని పరీక్షించాలి.

తర్వాత అలర్జీ పరీక్ష, ఆపైన జంతువుల ఎముకలోనో కండరంలోనో అమర్చి వారాలు, నెలలు చూడడం ఉంటాయి. బయటి వస్తువు ఏదైనా శరీరం దాని చుట్టూ ఒక పొర కట్టడం మామూలే. ఆ పొర ఎంత మందంగా ఉంది, వాపు తగ్గుతోందా లేదా అన్నదే మేము చూసేది.

ఇంత చేసినా ఏళ్ళ తరబడి జరిగే అరుగుదల ప్రయోగశాలలో పూర్తిగా బయటపడదు. లోహంపై లోహం కదిలే ఒక రకం తుంటి కీళ్ళను 2010లో ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకున్నారు. రాలిన లోహపు రేణువులు చుట్టుపక్కల కణజాలాన్ని దెబ్బతీశాయి. కాబట్టి ఈ పూతను మనుషుల్లో ఎన్నేళ్ళుగా వాడుతున్నారో సర్జన్‌ను తప్పక అడగండి.

అమ్మగారికి గిల్టు నగలు పెట్టుకుంటే దురద, దద్దుర్లు వస్తాయా? వస్తే ఆపరేషన్‌కు ముందే చెప్పండి. అది నికెల్ అలర్జీ కావచ్చు, మోకాలికి వాడే కోబాల్ట్-క్రోమియం లోహంలో కాస్త నికెల్ ఉంటుంది. ఆపరేషన్ అయ్యాక ఇంప్లాంటు పెట్టె మీది లాట్ నంబరు (అది ఏ విడతలో తయారైందో చెప్పే నంబరు) స్టిక్కరును అడిగి తీసుకుని ఆమె ఫైలులో అంటించండి.