ముఖం చెల్లనప్పుడు దేవుని దగ్గరికి ఎలా వెళ్లాలి?

వందనాలు చెల్లెమ్మా. అమ్మ పోయిన దుఃఖం, అప్పులతో పోయిన పరువు ఒకేసారి మీద పడ్డాయని, చర్చికి వెళ్లాలంటే ముఖం చెల్లడం లేదని రాశావు. బైబిలు చదివితే నిజంగా ఆశ కలుగుతుందా అని అడిగావు. నాకు కలిగింది, కానీ చాలా రోజులు పట్టింది.

నేను మా వీధిలో చీటీలు నడిపేదాన్ని. ముందే పాట పాడుకున్న ఇద్దరు కట్టడం మానేశారు. మిగతావాళ్లకు నేను ఇవ్వలేకపోయాను. జనం గుమ్మం ముందుకొచ్చి అరుస్తున్న ఆ రోజుల్లోనే మా నాన్న చనిపోయారు. ఈ దిగులుతోనే పోయారని బంధువులన్నారు. అప్పుకంటే ఆ మాటే నన్ను ఎక్కువ కుంగదీసింది. ముందు ప్రభు బల్లలో (చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం) పాల్గొనడం మానేశాను, తర్వాత చర్చికి వెళ్లడమే మానేశాను.

ఒకరోజు పాస్టరమ్మ ఇంటికొచ్చి, ఏ బోధా చేయకుండా 88వ కీర్తన చదివి వెళ్లారు. చాలా కీర్తనలు ఏడుపుతో మొదలై స్తుతితో ముగుస్తాయి. ఇది మాత్రం చీకటిలోనే ముగుస్తుంది. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాట దగ్గర ఏడ్చేశాను. ఇలాంటి ప్రార్థన కూడా వాక్యంలో ఉందంటే, నా ఏడుపు కూడా ఆయన వింటాడు కదా అనిపించింది. ప్రార్థన రాని రోజుల్లో దాన్నే చదివేదాన్ని.

సిగ్గు నుంచి నన్ను లేపింది మాత్రం యేసు శిష్యుడైన పేతురు కథ. యేసును పట్టుకెళ్లిన రాత్రి, ప్రధాన యాజకుని ఇంటి ముంగిట బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ, యేసు ఎవరో నాకు తెలియదని పేతురు మూడుసార్లు బొంకాడు. యోహాను సువార్త 21వ అధ్యాయంలో, తిరిగి లేచిన యేసు తిబెరియ సముద్రం ఒడ్డున నిప్పుల మీద చేపలు పెట్టి అతన్ని పిలిచాడు. మూలభాషలో ఆ బొగ్గుల మంటకు రెండు చోట్లా ఒకటే మాట ఉందట. ఎందుకలా చేశావని అడగలేదు. ముందు భోజనం పెట్టాడు. తర్వాత, నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగి, తన గొర్రెల్ని, అంటే తన ప్రజల్ని, అతనికి అప్పగించాడు. అది చదివిన రాత్రి నాన్న పోయాక మొదటిసారి నిద్రపట్టింది.

అప్పులు మాత్రం నేనే తీర్చాలి కదా. 40 వేలు ఇవ్వాల్సిన ఒక పెద్దామె ఇంటికి ముందుగా వెళ్లాను. తిట్టింది, చాలాసేపు తిట్టింది. చివరికి నెలకు ఎంత ఇస్తావన్నది. 2 వేలు అన్నాను. 20 నెలలు పట్టింది. ఆమె ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు. నాన్న గురించి ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నువ్వు కూడా నమ్మకమైన ఒక్కరికైనా అంతా చెప్పుకో. చనిపోవాలన్న ఆలోచన వస్తే దాచుకోకు చెల్లీ, మానసిక సహాయం అందించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, 14416 నంబరుకు, వెంటనే ఫోన్ చెయ్యి. విశ్వాసం ఉన్నవాళ్లకు కూడా అలాంటి సహాయం కావాలి.

చర్చిలో వెనక కూర్చున్నా ఫర్వాలేదు. నేను ఆరు నెలలు గుమ్మం పక్కన, చెప్పులు విడిచే చోటుకి దగ్గర్లో, చాప చివర కూర్చున్నాను. ఆఖరి పాట కాకముందే లేచి వచ్చేసేదాన్ని.