ఎఫ్‌హెచ్‌ఏ బీమా ఎవరికి రక్షణ?

ప్రశ్న: అమెరికాలో హెచ్‌-1బీ వీసాపై ఉద్యోగం చేస్తున్నాను. 2021లో 3.5 శాతం చేతి డబ్బు పెట్టి, ఎఫ్‌హెచ్‌ఏ (ఇంటి రుణాలకు బీమా ఇచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థ) హామీ ఉన్న రుణంతో ఇల్లు కొన్నాను. వాయిదాతో పాటు బీమా ప్రీమియం కూడా కడుతున్నాను. ఉద్యోగం పోతే మిగతా అప్పు బీమాయే తీరుస్తుందని, ఇల్లు నాకే ఉంటుందని స్నేహితులు అంటున్నారు. నిజమేనా? తాత్కాలిక వీసాదారులపై వచ్చిన కొత్త నిబంధనతో నా రుణం రద్దవుతుందా?

జవాబు: స్నేహితుల మాట నమ్మి వాయిదా ఆపకండి. ప్రీమియం మీదే అయినా, రక్షణ మాత్రం అప్పిచ్చిన సంస్థది. ఇల్లు ఫోర్‌క్లోజర్‌లో (బాకీ కింద జప్తులో) పోతే దాని నష్టాన్ని ఎఫ్‌హెచ్‌ఏ నిధి పూడుస్తుంది. మీకు ఇల్లూ దక్కదు, క్రెడిట్ చరిత్రా పాడవుతుంది.

ఇదేం న్యాయమంటారా? ఈ బీమా చట్టం పుట్టిందే అప్పిచ్చేవారికి భరోసా ఇవ్వడానికి. 1930ల మొదట్లో అక్కడ చాలా ఇంటి అప్పుల గడువు మూడేళ్లో ఐదేళ్లో. అప్పటిదాకా వడ్డీ కట్టి, చివర్లో అసలంతా ఒకేసారి తీర్చాలి, లేదా నోటు తిరగరాయించుకోవాలి. మాంద్యంలో బ్యాంకులు మూతపడేసరికి తిరగరాసే నాథుడే లేడు. 1933లో రోజుకు వెయ్యి ఇళ్ల దాకా జప్తుకు వెళ్లాయి. 1934 జూన్ 27న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన జాతీయ గృహ చట్టం ఎఫ్‌హెచ్‌ఏను నెలకొల్పింది. ఆ సంస్థ తాను అప్పివ్వదు, అప్పిచ్చేవారికి ధైర్యమిస్తుంది. ఇంటి విలువలో 80 శాతం వరకు, 20 ఏళ్ల గడువుతో, అసలూ వడ్డీ కలిసి నెలనెలా తీరే రుణాలు ఆ ధైర్యంతోనే పెరిగాయి. మీరు అంత తక్కువ చేతి డబ్బుతో ఇల్లు కొనగలిగారంటే అదీ దాని చలవే.

అయితే ఎవరి రుణానికి హామీ ఉండాలన్నది ప్రభుత్వం చేతిలోని మాట. నల్లజాతి పేటలకు ఇదే సంస్థ దశాబ్దాలపాటు మొండిచేయి చూపింది. ఆ వివక్షను నిషేధించే చట్టం 1968లో గాని రాలేదు. ఇక 2025 మే 25 నుంచి హెచ్‌-1బీ వంటి తాత్కాలిక వీసాదారుల కొత్త దరఖాస్తులకు హామీ ఆపేశారు. అంతకుముందే ఇచ్చిన మీ రుణం రద్దు కాదు.

వాయిదా తప్పేలా ఉంటే ముందే సర్వీసర్‌కు (మీ వాయిదాలు వసూలు చేసే సంస్థకు) రాతపూర్వకంగా తెలపండి. బకాయి 120 రోజులు దాటితేగాని సాధారణంగా ఫోర్‌క్లోజర్ మొదలుపెట్టకూడదు. ఆలోగా ‘పార్షియల్ క్లెయిమ్’ గురించి అడగండి. అర్హత ఉంటే బకాయిని నిధి నుంచి సర్వీసర్‌కు చెల్లించి, ఇంటిపై వడ్డీలేని రెండో తనఖాగా రాస్తారు. ఇల్లు అమ్మినప్పుడో, అసలు రుణం తీరినప్పుడో అది కట్టాలి. బీమా మీకు నేరుగా అక్కరకొచ్చేది ఇక్కడే. కానీ మీరు మళ్లీ వాయిదాలు కట్టగలిగే స్థితిలో ఉండాలి.

ఉద్యోగం పోయాక అమెరికాలో ఉండేందుకు మీకుండే వెసులుబాటు గరిష్ఠంగా 60 రోజులే కాబట్టి, అమ్మకం గురించీ ముందే ఆలోచించండి. ఎఫ్‌హెచ్‌ఏ రుణాన్ని అర్హతగల కొనుగోలుదారు అదే వడ్డీకి తన పేరిట మార్చుకోవచ్చు. 2021 నాటి తక్కువ వడ్డీ అంటే బేరానికి అదే బలం. అలా మార్చేటప్పుడు మిమ్మల్ని బాధ్యత నుంచి విడుదల చేస్తూ రాతపూర్వక పత్రం తీసుకోండి, లేకుంటే వారు ఎగవేసినా బాకీ మీ మెడకే చుట్టుకోవచ్చు.