బేరం ఎవరు మాట్లాడారు?

బాబూ,

నీ కథ రెండుసార్లు చదివాను. తల్లికి ఫోన్లో అబద్ధాలు చెప్పే సీను బాగుంది. మిగతాది చదువుతుంటే ఒళ్ళు మండింది.

అమ్మాయి ఎస్కార్ట్ అని తెలియడానికి సెంటు వాసన, ఇంగ్లీషు ముక్కలు, స్టార్ హోటల్ లిఫ్టు పెట్టావు. అవి తీసేస్తే, హైవే మీద లారీల కోసం నిలబడే మనిషికీ ఈమెకీ నీ కథలో తేడాయే లేదు. బేరం ఎవరు మాట్లాడతారు, డబ్బు ముందు ఎవరి చేతిలో పడుతుంది, మనిషి నచ్చకపోతే వెనక్కి వచ్చేయగలదా? అసలు తేడాలు అక్కడున్నాయి.

నేను రాయడం మొదలుపెట్టిన కొత్తలో, వ్యభిచార గృహంలో బతికిన ఒకావిడ అక్కడి యజమానురాలి చిట్టా గురించి చెప్పింది. టీ, పౌడరు, డాక్టరు ఫీజు, అన్నీ ఈవిడ బాకీలోనే రాసేదట. ఎంత చేసినా బాకీ తీరేది కాదు. అది కథగా రాస్తే ఒక వారపత్రిక ఎడిటర్ 'లెక్కలు తీసేసి కన్నీళ్ళు పెట్టండి' అని తిప్పి పంపాడు. ఆ కోపం నాకింకా పోలేదు. ఆవిడ బతుకంతా ఆ లెక్కల్లోనే ఉంది మరి!

సొంతంగా చేసుకునే ఎస్కార్ట్‌కి అలాంటి చిట్టా ఉండదు. ఫోను తనే ఎత్తుతుంది, మాట తేడాగా ఉంటే పెట్టేస్తుంది, అడ్వాన్సు పడ్డాకే బయల్దేరుతుంది, రూము నంబరు ఫ్రెండుకి మెసేజ్ పెడుతుంది. ఏజెన్సీ పంపే అమ్మాయికి ఆ వీలు లేదు. కస్టమర్‌తో మాట్లాడింది ఇంకెవరో. తలుపు తీశాక 'దీనికి ఒప్పుకున్నారుగా' అంటాడతను. ఏం ఒప్పుకున్నారో ఈమెకు తెలియదు. నీ కథ అక్కడ మొదలవ్వాలి.

చట్టం కూడా చదువు. వ్యభిచారం మీద ఉన్న 1956 నాటి చట్టంలో ఈ పని చేయడమే నేరమని ఎక్కడా లేదు. కానీ రోడ్డు మీద కస్టమర్‌ని పిలిస్తే 8వ సెక్షన్ పెడతారు. భయంతో ఇద్దరు తోడుగా ఒకే ఫ్లాట్‌లో చేసుకుంటే అది వ్యభిచార గృహం కిందికి వస్తుంది. ఒంటరిగా ఉంటే ప్రమాదం, కలిసి ఉంటే కేసు. ఇంత టెన్షన్ ఉన్న విషయం వదిలేసి లిఫ్టు అద్దాలు వర్ణించావు.

ఇక ఆ ముగింపు! పోలీసు రెయిడ్, ముఖానికి చున్నీలు, 'హైటెక్ వ్యభిచారం గుట్టురట్టు' అని పేపర్లో హెడ్డింగు. ఇష్టపూర్వకంగా చేసేవాళ్ళని రెయిడ్లలో అరెస్టు చేయొద్దని సుప్రీంకోర్టు వేసిన కమిటీ సిఫార్సు చేసింది, వాళ్ళెవరో మీడియా బయటపెట్టొద్దని 2022 మేలో కోర్టే చెప్పింది. పేపర్లు ఆ హెడ్డింగులు మానలేదు, నువ్వు మానెయ్. ఆ పేజీ తీసేసి మళ్ళీ రాసి పంపు. పోటీకి మాత్రం అప్పుడే పంపకు.

ఆశీస్సులతో