నైన్త్ గ్రేడ్ టెన్నిస్ పిల్లాడికి రిక్రూటింగ్ కంపెనీ అవసరమా?

బాబు నైన్త్ గ్రేడ్, డల్లాస్ దగ్గర ఉంటున్నారు, యూటీఆర్ (ఆట స్థాయి చెప్పే టెన్నిస్ రేటింగ్) 8 దాటింది, పిల్లల్ని కాలేజీ టీమ్‌లకి పరిచయం చేసే ఓ రిక్రూటింగ్ కంపెనీ వాళ్లు "ఇప్పుడే చేరకపోతే లేట్ అయిపోతుంది" అంటున్నారు, డబ్బు కట్టాలా వద్దా అని కదా మీ ప్రశ్న. కట్టకండి. మా అమ్మాయి నైన్త్‌లో ఉన్నప్పుడు అచ్చంగా ఇదే మాట విని రెండు వేల డాలర్ల పైన కట్టాను. వాళ్లు చేసిందల్లా ఒకే ఈమెయిల్‌ని ఎనభై కాలేజీలకు పంపడం. అందులో ఒకటి పక్క కాలేజీ పేరుతో వెళ్లింది. ఆ కోచ్ ఆ సంగతి మర్యాదగానే చెప్పాడు, సిగ్గుతో చచ్చిపోయాం.

కాలేజీ టెన్నిస్‌లో అన్నిటికంటే పై స్థాయి అయిన డివిజన్ 1లో కోచ్‌లు, పిల్లలు టెన్త్ పూర్తి చేశాక వచ్చే జూన్ 15 దాకా వాళ్లతో రిక్రూటింగ్ గురించి మాట్లాడకూడదు. కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థ రూల్ అది. నాకు తెలియక ఏడాదంతా ఇన్‌బాక్స్ చూసుకుంటూ టెన్షన్ పడ్డాను. డివిజన్ 3 కోచ్‌లకు ఆ అడ్డు లేదు, నచ్చితే ముందే మాట్లాడతారు.

ఇక స్కాలర్‌షిప్ మాట. మన పార్టీల్లో ఎవరో ఒకరు "టెన్నిస్ ఆడితే స్టాన్‌ఫర్డ్ ఫ్రీ అటగా" అంటూనే ఉంటారు. నెల్లూరు నుంచి వచ్చిన కుటుంబం పిల్లాడు నిషేశ్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో రెండేళ్లు ఆడి, 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జొకోవిచ్ మీద మొదటి సెట్ గెలిచాక ఇది మరీ ఎక్కువైంది. 2022లో యూఎస్ ఓపెన్ జూనియర్ డబుల్స్ గెలిచిన పిల్లాడండీ అతను. మన పిల్లలకి ఆ లెక్క వేసుకోకూడదు. డివిజన్ 1 మగపిల్లల టెన్నిస్‌లో నిన్నమొన్నటి దాకా టీమ్ మొత్తానికి నాలుగున్నర స్కాలర్‌షిప్‌లే, అవే అందరికీ పంచేవారు. ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన సెటిల్‌మెంట్‌తో ఆ లెక్క పోయింది. కానీ అందులో చేరిన కాలేజీల్లో టీమ్‌కి పదిమందే. ఆ పది సీట్లకి స్పెయిన్ నుంచో అర్జెంటీనా నుంచో వచ్చిన, వయసులో పెద్దవాళ్లతో కూడా పోటీ.

ఐవీ లీగ్‌లోనూ, డివిజన్ 3లోనూ ఆటకంటూ స్కాలర్‌షిప్ లేదు. కానీ అక్కడ కోచ్ మాట అడ్మిషన్‌కి పనికొస్తుంది. చాలా డివిజన్ 3 కాలేజీల్లో లెవెంత్ అయిన వేసవిలో కోచ్ మార్కులు తీసుకెళ్లి అడ్మిషన్ ఆఫీసులో ముందే చూపిస్తాడు. ప్రీ-రీడ్ అంటారు. చదువు బాగున్న మన పిల్లలకి అసలు దారి ఇదే అని నా అభిప్రాయం. మా అమ్మాయి అలాగే వెళ్లింది.

అయితే ఆ దారిలో పెద్ద అడ్డు నేనే. మెయిల్స్ అన్నీ నేనే రాసేవాణ్ణి, తన అకౌంట్ నుంచి. మొదటి ఫోన్ కాల్ డైనింగ్ టేబుల్ దగ్గర, స్పీకర్‌లో. "మా టీమ్ ఎందుకు నచ్చింది?" అని కోచ్ అడిగింది. నేను పాయింట్లు కాగితం మీద గిలికి తన ముందుకు తోస్తున్నాను, అది చదువుతోంది. రెండు నిమిషాలయ్యాక కోచ్ నవ్వి, "మీ నాన్నగారు పక్కనే ఉన్నారా?" అంది. లేచి గరాజ్‌లోకి వెళ్లిపోయాను. తర్వాత నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

ఆ తర్వాత తనే రాసుకుంది. "మూడో సెట్‌లో 4-1 మీదుండి 6-4తో ఓడిపోయాను, సెకండ్ సర్వ్ భయంతో మెల్లగా వేశాను, ఈ నెల దాని మీదే పని చేస్తున్నాను." ఇంతే మెయిల్. ఆ రాత్రే జవాబొచ్చింది.

వీడియో సంగతీ అంతే. నేను పాట పెట్టి, మంచి షాట్లన్నీ కత్తిరించి అతికించాను. కోచ్‌లు అడిగింది కట్ చేయని ఒక సెట్. కోర్టు వెనక కంచెకి ఫోన్ తగిలించి తీసింది చాలు. పాయింట్ పోయాక పిల్ల రాకెట్ విసురుతుందా, గోడవైపు తిరిగి ఊపిరి తీసుకుంటుందా అన్నది కూడా చూస్తారట.

ఈ ఏడాది మీరు చేయాల్సిన పని ఒక్కటుంది. డివిజన్ 1, 2లకి 16 కోర్ కోర్సులు, అంటే ఎన్‌సీఏఏ లెక్కలోకి తీసుకునే హైస్కూలు చదువు కోర్సులు, ఉండాలి. మీ స్కూలు కోర్సుల్లో ఏవి ఎన్‌సీఏఏ లిస్టులో ఉన్నాయో కౌన్సిలర్‌ని అడిగి చూసుకోండి, ముఖ్యంగా వేసవిలో ఆన్‌లైన్‌లో చేసేవి.

ఇంకేమైనా ఉంటే అడగండి. మెయిల్ డ్రాఫ్ట్ మాత్రం చూడమని పంపకండి. తప్పులుంటే ఉండనీ, బాబునే రాయనివ్వండి.